బట్టలంటే తీవ్రవాదులకి ఎందుకంత కంగారు? కుట్టు, నేత, ఫ్యాషన్ మీద చర్చ

దారపుఉండ:

అందరికీ నమస్కారం. ఎంబ్రాయిడరీ నేర్పడం నా వృత్తి. చాలాకాలంగా నన్ను వదలని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

తీవ్రవాదులు ఎక్కడ ఊరిని చేజిక్కించుకున్నా మొదటి హుకుంలలో బట్టల హుకుం ఒకటి ఉంటుంది. ఊళ్ళో కరెంటు ఉండదు, ఆసుపత్రిలో మందులుండవు, అయినా ఎవరు ఏ రంగు కట్టారో చూడటానికి మాత్రం మనుషులు తిరుగుతుంటారు. చేతిలో తుపాకీ ఉన్నవాడికి పూలకుట్టు చూస్తే ఉలుకెందుకు?

2021 సెప్టెంబరులో కాబూల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో తాలిబన్లకు మద్దతుగా సభ జరిగింది. అందులో కూర్చున్న ఆడవాళ్ళు తలనుంచి కాళ్ళదాకా నల్లటి ముసుగుల్లో ఉన్నారు. అఫ్గాన్ స్త్రీ అంటే ఇలాగే ఉంటుందన్నట్టు ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. కాబూల్‌లో చరిత్ర బోధించిన బహార్ జలాలీ అనే ప్రొఫెసరు దీన్ని ఊరుకోలేదు. ఆకుపచ్చ సంప్రదాయ దుస్తుల్లో ఉన్న తన ఫోటో పెట్టారు. 'నా బట్టల జోలికి రావద్దు' అన్న హ్యాష్‌ట్యాగ్ కింద వందలమంది అఫ్గాన్ ఆడవాళ్ళు అద్దాలు, నాణేలు, జరీ కుట్టిన కుచ్చుల గౌన్లలో ఫోటోలు పెట్టారు.

నేను ఆ ఫోటోల్లో మనుషులకంటే కుట్టు ఎక్కువ చూశాను. కాందహార్‌లో ఖామక్ అని ఒక పని ఉంది. బట్ట మీద పెన్సిలు గీత ఉండదు. నేతలోని పోగులు లెక్కపెట్టుకుంటూ సిల్కు దారంతో చుక్కలు, నక్షత్రాలు, త్రికోణాలు నింపుకుంటూ పోతారు. లెక్క ఒక్క పోగు తప్పితే నక్షత్రం వంకరపోతుంది, అక్కడిదాకా విప్పుకోవాల్సిందే. కాందహార్ అంటే తాలిబన్ ఉద్యమం పుట్టిన ప్రాంతం. అక్కడి మగవాళ్ళు వేడుకలకి వేసుకునే చొక్కాల ఛాతీ మీద ఉండేది ఈ పనే, ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని కుట్టిందే. ఆడమనిషి పేరు కూడా బయటికి రాకూడదనే చోట ఆమె చేతిపని మాత్రం రోజూ బజారులో తిరుగుతోంది.

చేతిపని కూడా ఒక ఎదిరింపే అని నా నమ్మకం. మీరేమంటారు?


నిలదీత:

దారపుఉండ గారూ, మీ ఆవేశం అర్థమైంది కానీ నాకు ఒప్పుదల కాలేదు.

ఆ ఫోటోలు పెట్టినవాళ్ళలో ఎక్కువమంది అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్నవాళ్ళు. కాబూల్ వీధిలో ఆ గౌను వేసుకుని నిలబడగలిగిన వాళ్ళెంతమంది? ఇది ఒకటి.

రెండోది అసలు విషయం. తాలిబన్లు కుట్టుపనిని ఆపలేదు. 2022 డిసెంబరులో ఆడపిల్లలకి యూనివర్సిటీలు మూసేశారు. అదే నెలలో స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్ళు ఉద్యోగం చేయకూడదన్నారు. 2023 జులైలో బ్యూటీ పార్లర్లు మూయించారు. అన్నీ పోగా మిగిలింది ఏమిటి? ఇంట్లో కుట్టు, అల్లిక, తివాచీ నేత. డాక్టరు చదువుతున్న పిల్లని సూది పట్టుకోమన్నారు. వాళ్ళు అనుమతించిన పనినే మనం ప్రతిఘటన అని పొగిడితే, ఆ పిల్లకి అన్యాయం చేసినట్టు కాదా?


పాతపేజీలు:

నిలదీత గారి ప్రశ్న గట్టిది. దానికి జవాబు హెరాత్ నగరం చరిత్రలోనే కొంత ఉంది.

తాలిబన్ల మొదటి పాలనలో (హెరాత్ 1995లోనే వాళ్ళ చేతికి వచ్చింది) ఆడపిల్లలకి బడి లేదు. కుట్టు నేర్చుకోవచ్చు, అంతే. అప్పుడు హెరాత్‌లో 'బంగారు సూది' అనే పేరుతో ఒక కుట్టు బడి నడిచింది. బుర్ఖాలు వేసుకుని, చేతిలో సంచీతో ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. సంచీలో పైన బట్ట, కత్తెర. అడుగున నోటుపుస్తకం, కలం. లోపల ముహమ్మద్ అలీ రహ్యాబ్ అనే యూనివర్సిటీ సాహిత్యాచార్యుడు పాఠం చెప్పేవారు. పిల్లలు బయట ఆడుకుంటున్నట్టు కాపలా ఉండేవాళ్ళు. మతపోలీసులు వస్తున్నారని తెలియగానే పుస్తకాలు మాయం, చేతుల్లోకి సూదులు. పట్టుబడితే ఏం జరిగేదో ఊహించుకోండి.

నాదియా అంజుమన్ అనే కవయిత్రి అలా చదువుకున్నదే. 2005లో ఆమె కవితా సంపుటి వచ్చింది. అదే ఏడాది నవంబరులో భర్త దెబ్బలకి చనిపోయింది. అప్పటికి తాలిబన్ల పాలన ముగిసి నాలుగేళ్ళు. ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి, హుకుం పోయినంత మాత్రాన ఇల్లు మారిపోదు.


నిలదీత:

పాతపేజీలు గారూ, మీరు చెప్పిన ఉదాహరణ నా మాటనే బలపరుస్తోంది. అక్కడ ఎదిరించింది సాహిత్యం, చదువు. కుట్టు అడ్డుతెర మాత్రమే. అద్భుతమైన అడ్డుతెర, కాదనను. కానీ ఆ గదిలో ఎవరూ ఎంబ్రాయిడరీ కోసం ప్రాణం పణంగా పెట్టలేదు.


దారపుఉండ:

చదువుతో పాటు సంపాదన సంగతి కూడా చూడాలి నిలదీత గారూ.

కాందహార్‌లోనే రంగీనా హమీదీ అనే ఆవిడ ఖామక్ కుట్టే ఆడవాళ్ళతో ఒక వ్యాపారం మొదలుపెట్టారు. కాందహార్ ట్రెజర్ దాని పేరు. ఇంటి గడప దాటలేని ఆడవాళ్ళకి పని ఇంటికే వెళ్ళేది, డబ్బు వాళ్ళ చేతికే వచ్చేది. ఆమె తండ్రి గులాం హైదర్ హమీదీ కాందహార్ మేయరు. 2011 జులైలో తలపాగాలో బాంబు దాచుకుని వచ్చిన వాడు ఆయన్ని చంపేశాడు. ఆమె పని ఆపలేదు. తర్వాత తాత్కాలిక విద్యాశాఖ మంత్రిగా కూడా చేశారు, 2021లో కాబూల్ పడిపోయేదాకా.

ఇంట్లో నాలుగు రాళ్ళు సంపాదించే ఆడమనిషి మాటకి విలువ పెరుగుతుంది. కూతురికి పెళ్ళి ఇప్పుడే వద్దు అనగలదు. కొడుకుని డబ్బు ఆశ చూపించి ఎవడో ముఠాలోకి లాక్కుపోతుంటే, వద్దురా, మనకి గడుస్తోంది కదా అని చెప్పగలదు. నేను ప్రతిఘటన అన్నది దీన్ని. జెండా పట్టుకుంటేనే ప్రతిఘటన అనుకుంటే ఇంట్లో జరిగేదంతా లెక్కలోకి రాకుండా పోతుంది.


ఎక్స్‌పోర్ట్‌బాబాయ్:

గార్మెంట్ ఎగుమతుల్లో పండిపోయినవాణ్ణి, డబ్బు విషయం నేను చెప్పాలి.

హ్యాండ్ ఎంబ్రాయిడరీలో కుట్టేవాళ్ళకి దక్కేది పీస్ రేటు. దారం, బట్ట ఇచ్చేవాడు ఒకడు, ఇంటింటికీ పంచేవాడు ఒకడు, క్వాలిటీ చూసి రిజెక్ట్ చేసేవాడు ఒకడు, కొనేవాడు ఎక్కడో. ఈ గొలుసులో ఎవరు ఆలస్యం చేసినా చివరి దెబ్బ సూది పట్టుకున్న మనిషికే. ఇప్పుడు దీనికి యుద్ధం కలపండి. 2021 ఆగస్టు తర్వాత అఫ్గాన్ కేంద్ర బ్యాంకుకి అమెరికాలో ఉన్న దాదాపు 700 కోట్ల డాలర్లు స్తంభించిపోయాయి. బ్యాంకు బదిలీలు ఆగిపోయాయి. సరుకు కొనడానికి మనిషి సిద్ధంగా ఉన్నా డబ్బు పంపే దారి లేదు. నేను తాలిబన్లని ఒక్కళ్ళనే అనను, ఆంక్షలు పెట్టినవాళ్ళు కూడా ఆ కుట్టేవాళ్ళ గురించి ఆలోచించలేదు.

ఇంకోటి. వార్తల్లో ఉన్నంతకాలం 'ధీరవనితల చేతిపని' అని ట్యాగ్ వేసి కొంటారు. వచ్చే సీజన్‌కి బయ్యర్ మనసు ఇంకో దేశం మీదికి మళ్ళుతుంది. జాలితో వచ్చిన ఆర్డరు జాలితోనే పోతుంది. పని బాగుంది, టైముకి వస్తుంది, సైజు తేడా రాదు అని కొనే బయ్యర్ మాత్రం నిలబడతాడు. చేతిపనివాళ్ళని నిజంగా నిలబెట్టాలంటే వాళ్ళని వీరులుగా కాకుండా పనిమంతులుగా చూడాలి.


షబానా:

నేను హిజాబ్ వేసుకుంటాను. ఎవరూ బలవంతం చేయలేదు. అందుకే ఈ చర్చ చదువుతుంటే ఒక్కచోట మనసు చివుక్కుమంది. రంగు బట్ట అంటే స్వేచ్ఛ, నల్ల బట్ట అంటే తీవ్రవాదం అని ఎవరూ నేరుగా అనలేదు, కానీ మాట ఆ వైపే జారుతోంది.

ఇరాన్ సంగతి చూడండి. 1936లో రెజా షా ముసుగు నిషేధించాడు. పోలీసులు వీధుల్లో ఆడవాళ్ళ తలమీది బట్ట లాగేశారు. ముసుగు లేకుండా బయటికి రావడం చేతకాక ఇంట్లోనే ఉండిపోయిన ఆడవాళ్ళున్నారు. విప్లవం తర్వాత కథ తిరగబడింది. 1979 మార్చి 8న టెహ్రాన్‌లో వేలమంది ఆడవాళ్ళు నిర్బంధ హిజాబ్‌కి వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. అయినా 1983కల్లా అది చట్టమై కూర్చుంది. అమ్మమ్మ తలమీది గుడ్డ ఒకడు లాగేశాడు, మనవరాలి తలమీద ఇంకొకడు కట్టాడు. ఇద్దరూ ఆమెని అడగలేదు.

చైనాలో షిన్‌జియాంగ్‌లో 2017లో 'తీవ్రవాద నిర్మూలన' పేరుతోనే నిబంధనలు వచ్చాయి. ముఖం కప్పుకోకూడదు, 'అసాధారణమైన' గడ్డం పెంచకూడదు అని. అంటే తీవ్రవాదాన్ని ఎదిరిస్తున్నాం అనే పేరు మీద కూడా ప్రభుత్వం మనిషి ఒంటిమీద చెయ్యి వేయగలదు. కాబట్టి నా కొలబద్ద ఒక్కటే: ఆ బట్ట వేసుకోను అని చెప్పే హక్కు ఆమెకి ఉందా? వేసుకుంటాను అని చెప్పే హక్కు ఉందా? ఈ రెండూ కలిపి అడగాలి.


దారపుఉండ:

షబానా గారూ, ఈ మాట ఇక్కడ ఎవరో ఒకరు చెప్పాల్సిందే, మీరు చెప్పడం ఇంకా మంచిదైంది. నా అభ్యంతరం ఎప్పుడూ హుకుం మీదే. మన్‌బిజ్ ఫోటోలు మీరు చూసే ఉంటారు. 2016 ఆగస్టులో సిరియాలోని ఆ ఊరి నుంచి ఐసిస్‌ని తరిమేశాక ఆడవాళ్ళు నల్ల ముసుగులు తగలబెట్టారు, మగవాళ్ళు వీధిలోనే గడ్డాలు కత్తిరించుకున్నారు. ఆ ఫోటోల్లో చాలామంది ఆడవాళ్ళ తలమీద మామూలు స్కార్ఫ్ అలాగే ఉంది. వాళ్ళు విడిపించుకున్నది ఐసిస్ ఆజ్ఞ నుంచి.


మాధవి:

నేను ఫ్యాషన్ డిజైన్ చదువుతున్నాను. మా క్లాసులో ఇలాంటి మాట ఎత్తితే 'ఫ్యాషన్‌కి ఇంత బరువు ఎందుకు' అంటారు. అందుకే నైజర్ దేశం కథ చెప్తాను.

అల్ఫాది అని ఒక డిజైనర్. టింబక్టూలో పుట్టాడు, నైజర్‌లో పెరిగాడు. నైజర్‌లో తువారెగ్ అనే ఎడారి తెగ తిరుగుబాటు చల్లారిన కొన్నాళ్ళకే, 1998లో, సహారా ఎడారిలో తిగిదిత్ అనేచోట ఆఫ్రికా ఫ్యాషన్ పండగ పెట్టాడు. ఇసుక మీద ర్యాంప్. ఆఫ్రికా నలుమూలల నుంచీ డిజైనర్లు వచ్చారు, ఆ ఖండపు నేతబట్టలూ వెండి నగలూ పెద్ద పెద్ద ఫ్రెంచి పేర్ల పక్కన నిలబడ్డాయి. 2000 నవంబరులో రెండోసారి పెట్టినప్పుడు ఛాందసవాద సంఘాలు నియామే, మరాది నగరాల్లో వీధుల్లోకి వచ్చాయి. మరాదిలో బార్ల మీద, ఒంటరి ఆడవాళ్ళ ఇళ్ళ మీద కూడా పడ్డారు. పండగ మాత్రం ఆగలేదు. ఆ తర్వాత కూడా ఎడిషన్లు జరిగాయి. 2016లో యునెస్కో ఆయన్ని శాంతి కళాకారుడిగా గౌరవించింది.

ఒక ఫ్యాషన్ షోని ఆపడానికి అన్ని సంఘాలు రోడ్డెక్కాయంటే, దానికి బరువు లేదని నేనెలా అనుకోను?


నిలదీత:

మాధవీ, కథ బాగుంది. కానీ ఒక మాట చెప్పమ్మా. ఆ అల్లర్లలో దెబ్బతిన్నది ఎవరు? ర్యాంప్ మీద నడిచినవాళ్ళు కాదు. మరాదిలో ఏ రక్షణా లేని పేద ఆడవాళ్ళు. పండగ పెట్టినవాళ్ళని తప్పు పట్టడం లేదు, తప్పు దాడి చేసినవాళ్ళదే. కానీ మన ధైర్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో చూసుకోవాలి కదా.


మాధవి:

చూసుకోవాలండీ. కానీ పండగ మానేస్తే మరాది ఆడవాళ్ళకి రక్షణ వచ్చేదని నేను నమ్మను. ఇంకో సాకు దొరికేది.


పాతపేజీలు:

మాధవి వాదన నాకు నచ్చింది. ఇప్పుడు వేరే వైపు నుంచి ఒక హెచ్చరిక. సంప్రదాయ దుస్తులు వాటంతట అవే మంచివైపు ఉంటాయని అనుకోకండి.

ఆల్ప్స్ పర్వతాల ప్రాంతపు డిర్న్‌డల్ గౌను, తోలు నిక్కర్లు మీకు తెలుసు. వాటిని పట్నవాసుల ఫ్యాషన్‌గా మార్చిన వాళ్ళలో ముఖ్యులు మ్యూనిక్‌కి చెందిన వాలాఖ్ సోదరులు, జూలియస్, మోరిట్జ్. యూదులు. పల్లెటూళ్ళ నమూనాలు సేకరించి, అచ్చులు చేయించి, ఆ కళని బతికించారు. నాజీలు వచ్చాక ఏమైంది? ఆ బట్ట 'శుద్ధ జర్మన్ జాతి' గుర్తు అయిపోయింది. 1938లో సాల్జ్‌బర్గ్‌లో యూదులు ఆ దుస్తులు వేసుకోకూడదని పోలీసు ఉత్తర్వు వేశారు. అదే ఏడాది వాలాఖ్ సోదరుల దుకాణం బలవంతంగా చేతులు మారింది. ఇన్స్‌బ్రుక్‌లో గెర్‌ట్రూడ్ పెసెన్‌డార్ఫర్ అనే ఆవిడ నాజీ పార్టీ తరఫున ఒక కార్యాలయం నడిపి, పాత జానపద దుస్తుల్లోంచి చర్చి ప్రభావాన్ని తీసేస్తున్నానంటూ మెడ దగ్గర కాలరు కోసేసి నడుము బిగించి కొత్త నమూనాలు గీసింది.

ఆ పనిని బతికించినవాళ్ళకే దాన్ని తొడుక్కునే హక్కు లేకుండా పోయింది. చేతిపనిని తీవ్రవాదులు ప్రతిసారీ చంపరు దారపుఉండ గారూ. ఒక్కోసారి నెత్తిన పెట్టుకుంటారు. అదే ఎక్కువ ప్రమాదం.


దారపుఉండ:

పాతపేజీలు గారూ, ఇది చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. ఒక్కటి మాత్రం అడగాలనిపిస్తోంది. వాళ్ళు నెత్తిన పెట్టుకోవాలంటే ముందు ఆ చేతిపని చరిత్రని చెరిపేయాలి కదా? వాలాఖ్‌ల పేరు చెరిపేస్తేనే 'శుద్ధ' అన్న మాట నిలబడుతుంది. అయితే ఎవరు చేశారో, ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతూ ఉండటం కూడా పనిలో భాగమే.


మగ్గంమనిషి:

ఇక్కడ నేను మాట్లాడాలి. నేతపని మా ఇంటి పని, టెక్స్‌టైల్స్ చదివాను కూడా.

'శుద్ధం' అన్న మాట మగ్గం దగ్గర ఒక్క పూట కూడా నిలవదు. మధ్య ఆసియాలోని బుఖారాలో 19వ శతాబ్దంలో తయారైన ఇకత్ పట్టు కోటు తీసుకోండి. ముందు పడుగు పోగుల్ని సాగదీసి నమూనా గుర్తు పెడతారు. రంగు ఎక్కకూడని చోట గట్టిగా కట్టు కడతారు. ఒక రంగు అద్ది, కట్లు విప్పి, మళ్ళీ వేరేచోట కట్టి ఇంకో రంగు. ఇదంతా నేతకి ముందే. నేసేటప్పుడు పోగులు కొద్దిగా జరుగుతాయి కాబట్టి అంచులు మసకగా, తడిలో పాకినట్టు వస్తాయి, అందం అక్కడే. ఎరుపు, పసుపు వేడి తొట్టెల్లో ఉడికించే రంగులు, ఆ పని ఎక్కువగా తాజిక్ కుటుంబాలది. నీలిమందు చల్లటి తొట్టె పని, అది బుఖారా యూదులది. వాళ్ళ చేతులు మోచేతులదాకా నీలంగా ఉండేవని చెబుతారు. నేసేవాళ్ళు వేరు, చివర్లో గుడ్డుసొన రాసి చెక్క సుత్తితో కొట్టి మెరుపు తెచ్చేవాళ్ళు వేరు. తయారైన కోటు వేసుకునేది అమీరు దర్బారులో ముస్లిం ప్రభువు.

ఇప్పుడు ఆ కోటులో ఒక మతానికి, ఒక జాతికి చెందని పోగులన్నీ పీకేయమంటే ఏం మిగులుతుంది? నీలం పోతుంది. నీలం పోతే ఆకుపచ్చ పోతుంది, పసుపు మీద నీలం పడితేనే ఆకుపచ్చ. తీవ్రవాది చెప్పేదానికి బట్టే ఎదురు సాక్ష్యం. అందుకే నాకు నినాదం రాసిన టీషర్ట్ కంటే ఇలాంటి కోటు ఎలా తయారైందో పిల్లలకి చూపించడం మీద నమ్మకం ఎక్కువ.


ఎక్స్‌పోర్ట్‌బాబాయ్:

మగ్గంమనిషి గారూ, పసుపు మీద నీలం సంగతి చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళు రంగుల శాంపిల్స్ చూసినవాణ్ణి.


మాధవి:

టీషర్ట్‌ని అంత తీసెయ్యకండి మగ్గంమనిషి గారూ! 2011 ఆగస్టులో జర్మనీలోని గెరా అనే ఊళ్ళో నియో-నాజీల రాక్ సంగీత ఉత్సవం జరిగింది. ఎవరో 250 టీషర్ట్‌లు ఉచితంగా పంచారు. పుర్రె బొమ్మ, 'హార్డ్‌కోర్ రెబెల్స్' అన్న అక్షరాలు. కుర్రాళ్ళు ఎగబడి తీసుకున్నారు. ఇంటికెళ్ళి ఒకసారి ఉతకగానే ఆ బొమ్మ పోయి కింద ఇంకో రాత తేలింది: నీ టీషర్ట్ చేసిన పని నువ్వూ చేయగలవు, ఆ ముఠాలోంచి బయటికి రావడానికి మేం సాయం చేస్తాం అని, ఫోన్ నంబరుతో. పంచింది ఎగ్జిట్-డాయిచ్‌లాండ్ అనే సంస్థ, తీవ్రవాద ముఠాల్లోంచి బయటపడాలనుకునే వాళ్ళకి సాయం చేసేది.

నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, వాళ్ళని తిట్టలేదు. ఇంట్లో ఒంటరిగా, పక్కన ముఠా లేని సమయంలో, చదివేలా చేశారు.

కంపెనీల సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ప్రౌడ్ బాయ్స్ అనే తీవ్రవాద బృందం ఫ్రెడ్ పెర్రీ నలుపు-పసుపు పోలో చొక్కాని తమ యూనిఫాం చేసుకుంది. ఆ చొక్కాని అమెరికా, కెనడాల్లో ఇక అమ్మబోమని కంపెనీ 2020లో ప్రకటించింది. నష్టం వాళ్ళకే. అయినా చేశారు.


నిర్వాహకులు:

ఒక మతాన్ని మొత్తంగా దూషిస్తూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. తీవ్రవాదం గురించి ఎంత ఘాటుగానైనా మాట్లాడండి, మతస్థుల్ని అందర్నీ కలిపి ఒక గాటన కట్టకండి. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.


రమణి:

చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. బంగ్లాదేశ్ ప్రస్తావన రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

అక్కడ బెంగాలీ సంవత్సరాది రోజున ఆడవాళ్ళు ఎర్రంచు తెల్లచీర కట్టి, బొట్టు పెట్టుకుని వస్తారు. ముస్లింలు, హిందువులు అందరూ. పాకిస్తాన్ పాలనలో రవీంద్రుడి పాటల మీద ఆంక్షలు పెట్టిన రోజుల్లో ఈ చీర, ఈ బొట్టు, ఈ పాట కలిసి 'మేం బెంగాలీలం' అని చెప్పే తీరు అయ్యాయి. ఢాకాలో రమనా పార్కులో మర్రిచెట్టు అని పిలిచే చెట్టు కింద పొద్దున్నే పాటల సభ 1967 నుంచి జరుగుతోంది. 2001లో ఆ సభలోనే తీవ్రవాదులు బాంబులు పేల్చారు. పదిమంది చనిపోయారు. మరుసటి ఏడాది జనం మళ్ళీ వచ్చారు, అదే చెట్టు కిందికి, అదే చీరల్లో.

1989లో, సైనిక పాలకుడి కాలంలో, ఢాకా లలితకళల విద్యార్థులు పెద్ద పెద్ద కాగితపు ముసుగులు, వెదురు చట్రాల మీద పక్షులు, ఏనుగులు చేసి ఊరేగింపు మొదలుపెట్టారు. పల్లెల్లో మట్టితో, కర్రతో చేసే బొమ్మల నమూనాలే వాటికి ఆధారం. 2016లో యునెస్కో దాన్ని గుర్తించింది.

2022 ఏప్రిల్‌లో ఢాకాలో బొట్టు పెట్టుకుని కాలేజీకి వెళుతున్న ఒక అధ్యాపకురాలిని ఒక పోలీసు దారిలో అవమానించాడు. ఆ వార్త బయటికి రాగానే ఆడవాళ్ళు బొట్లతో ఫోటోలు పెట్టారు. మగవాళ్ళు కూడా నుదుట బొట్టు పెట్టుకుని ఫోటోలు పెట్టారు. నాకు ఆ మగవాళ్ళ ఫోటోలు చూస్తే కళ్ళు చెమ్మగిల్లాయి. ఆడవాళ్ళ ఒంటిమీద జరిగే యుద్ధం ఆడవాళ్ళకి మాత్రమే వదిలెయ్యకూడదని వాళ్ళకి తెలిసింది.


షబానా:

రమణి గారూ, మీరింతకాలం ఎందుకు రాయలేదు! ఆ దేశంలో హిజాబ్ వేసుకున్న అమ్మాయిలు కూడా ఆ సంవత్సరాది సభలకి వెళతారు. స్కార్ఫ్ ఉంటుంది, ఎర్రంచు చీర కూడా ఉంటుంది. ఛాందసుడు మింగలేనిది అదే. ఒక మనిషిలో రెండూ ఇమిడిపోవడం.


దారపుఉండ:

ఇంకో వైపు కూడా ఉంది, అంతా అయిపోయాక చేసే పని. 1995 జులైలో స్రెబ్రెనిట్సాలో సెర్బు జాతీయవాద సైన్యం 8 వేలమందికి పైగా బోస్నియా ముస్లిం మగవాళ్ళని, మగపిల్లల్ని చంపింది. బతికి బయటపడ్డ ఆడవాళ్ళు తుజ్లా అనే ఊరికి చేరారు. అక్కడ బోస్‌ఫామ్ అనే మహిళా సంస్థలో కూర్చుని తివాచీలు నేశారు. అవి మామూలు బోస్నియా కిలిం తివాచీలు, తల్లులు నేర్పిన నేత. తర్వాత అదే నేతతో చిన్న చిన్న పలకల్లాంటి ముక్కలు నేశారు. ఒక్కో ముక్కలో చనిపోయిన ఒక్కొక్కరి పేరు. వాటిని కలిపి కుట్టి పెద్ద దుప్పటిలా చేసి దేశదేశాల్లో ప్రదర్శించారు.

నేతలో అక్షరం తేవడం ఎంత కష్టమో మగ్గంమనిషి గారికి తెలుసు. గుండ్రటి గీత రాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. కలంతో రాస్తే క్షణంలో అయిపోయే పేరుని అడ్డపోగు తర్వాత అడ్డపోగు వేస్తూ తేవాలి. అంతసేపూ ఆ మనిషిని తలుచుకుంటూనే ఉండాలి. ఆ చంపినదాన్ని జరగలేదని బుకాయించేవాళ్ళు నేటికీ ఉన్నారు. వాళ్ళకి జవాబుగా పేర్లు ఉన్నాయి.


పాతపేజీలు:

చిలీ ఆడవాళ్ళు కూడా ఇదే చేశారు. 1973 సైనిక కుట్ర తర్వాత మాయమైపోయిన వాళ్ళ తల్లులు, భార్యలు శాంతియాగోలో చర్చి ఆశ్రయంలో కూర్చుని గోనెగుడ్డ మీద గుడ్డపీలికలతో బొమ్మలు కుట్టారు. కొన్నిట్లో మాయమైన మనిషి చొక్కా ముక్కే వాడారు. దూరం నుంచి చూస్తే ముద్దొచ్చే పల్లె బొమ్మ, కొండలు, సూర్యుడు. దగ్గరకెళితే జైలు, పోలీసు జీపు, 'వాళ్ళెక్కడ?' అన్న అక్షరాలు. వాటిని దొంగచాటుగా విదేశాలకి పంపి అమ్మేవాళ్ళు. అది రాజ్యహింస, మన చర్చలో ఉన్న తీవ్రవాదం కాదు అనొచ్చు. కుట్టినవాళ్ళకి ఆ తేడా పెద్దగా తెలిసి ఉండదు.


నిలదీత:

ఇప్పటిదాకా వచ్చినవన్నీ చదివాను. నేను ఒప్పుకునేది ఇది: గోనెగుడ్డ మీద కుట్టిన ప్రశ్న, నేసిన పేరు, ఉతికితే బయటపడిన రాత, ఇవి ప్రతిఘటనే. ఎందుకంటే చేసినవాళ్ళకి ఏం చెబుతున్నారో తెలుసు, దాని ప్రమాదం తెలుసు.

ఒప్పుకోనిది ఇది: పొట్టకూటి కోసం కుట్టే ప్రతి మనిషికీ మనం దూరం నుంచి వీరపతకం తగిలించడం. ఈరోజు ఆరో తరగతితోనే చదువు ఆగిపోయిన అఫ్గాన్ పిల్లకి నా ఎంబ్రాయిడరీ మెచ్చుకున్నారని సంతోషం ఉంటుందా? ఆ పిల్ల బడి అడుగుతోంది. మనం ఏ బట్ట కొన్నా, ఏ ఫోటో పంచినా, పక్కన బడి అన్న మాట లేకపోతే నాకు వెలితిగానే ఉంటుంది.


దారపుఉండ:

బడి మాట నేనూ వదలను నిలదీత గారూ. కానీ బడి తెరిచేదాకా ఆ పిల్ల చేతికి వచ్చే సంపాదనని తక్కువ చేయలేను. మనిద్దరం ఇక్కడ తేడాగానే ఉంటాం అనుకుంటా.


మాధవి:

ఒక ప్రాక్టికల్ ప్రశ్న. నా ఫైనల్ కలెక్షన్‌లో ఇలాంటి చేతిపని వాడాలని ఉంది. నా పేరు వేసుకుని వేరేవాళ్ళ కష్టం వాడుకున్నట్టు కాకుండా ఎలా చేయాలి? బాబాయ్ గారూ, మీరే చెప్పాలి.


ఎక్స్‌పోర్ట్‌బాబాయ్:

చెప్తా తల్లీ. మధ్యవర్తిని మూడు విషయాలు అడుగు. పీస్‌కి కుట్టేవాళ్ళకి ఎంత ఇస్తున్నావ్, ఎప్పుడు ఇస్తున్నావ్, రిజెక్ట్ అయిన పీస్‌కి డబ్బు ఎవరు భరిస్తున్నారు. మూడోదానికి నీళ్ళు నమిలితే అక్కడ పని చేయించుకోవద్దు, నష్టం కుట్టేవాళ్ళ నెత్తిన వేస్తున్నాడని అర్థం. ఆర్డరుతోపాటే అడ్వాన్స్ ఇవ్వు, దారం బట్ట నువ్వే పంపు. ఒక పీస్‌కి ఎంత టైము పడుతుందో కుట్టేవాళ్ళనే అడిగి గడువు పెట్టు. ఫ్యాషన్ షో తేదీ చూసుకుని పెట్టకు.

పేర్లు వేయాలా వద్దా అన్నది కూడా వాళ్ళనే అడగాలి. మామూలు చోట పేరు వేయడం గౌరవం. ప్రమాదమున్న చోట పేరు, ఊరు, ఫోటో బయటపెడితే ప్రాణం మీదికి వస్తుంది. మా దగ్గర ఒకసారి ఒక బయ్యర్ కుట్టేవాళ్ళ ముఖాలతో క్యాటలాగ్ కావాలన్నాడు. మేం ఇవ్వలేదు, ఆర్డరు పోయింది.


మగ్గంమనిషి:

ఇంకోటి కలుపుతాను మాధవీ. నమూనా ఎక్కడిదో, ఏ ఏ సముదాయాల చేతులు మారి వచ్చిందో నీ కలెక్షన్ నోట్‌లో రాయి. 'ప్రాచీన సంప్రదాయం' అని ఒక్క ముక్కలో సరిపెట్టకు. వాలాఖ్‌ల సంగతి చూశావుగా.


మాధవి:

రాసుకున్నానండీ. మధ్యవర్తితో రేపే మాట్లాడుతున్నాను, రిజెక్ట్ పీసుల సంగతి ముందు అడుగుతాను. షబానా గారూ, నోట్ తయారయ్యాక ఒకసారి మీకు పంపనా? దుస్తుల గురించి నేను రాసిన మాటల్లో ఎవరినైనా నొప్పించేవి ఉంటే మీకే ముందు తెలుస్తుంది.


షబానా:

పంపు మాధవీ, తప్పకుండా చూస్తాను. నిలదీత గారికి కూడా పంపు, నాకంటే గట్టిగా ప్రశ్నిస్తారు.